కొండకోతి తండ్రివైపు చుట్టాలు

ఫిబ్రవరి 3, సోమవారం

ఫలితాలు వచ్చాయి. కొండకోతి వేరే జాతి కాదు.

ఇంతకంటే సూటిగా రాయడం నాకు రాదు. మ్యూజియంలో ఉన్న కొండకోతి తోళ్ళలో దేన్ని తీసుకున్నా తల్లివైపు డీఎన్ఏ మైదానపు కోతిదే. చిన్న చిన్న తేడాలు ఉన్నాయి. అలాంటివి మైదానపు కోతుల్లోనే ఒక గుంపుకీ ఇంకో గుంపుకీ మధ్య ఉంటాయి. పొట్టి తోక, వెడల్పు ముఖం, బుగ్గల మీద తెల్లటి వెంట్రుకలు అన్నీ ఉన్నాయి. వేరే తల్లి మాత్రం లేదు.

కాగితం నా చేతికిచ్చి పిపెట్ గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. డీఎన్ఏ ల్యాబ్ నడిపే ఆయన్ని మేమందరం అలాగే పిలుస్తాం. చుక్కలు కొలిచి పోసే ఆ సన్నగొట్టంలాగే చుక్క ఎక్కువ పోయరు, మాట ఎక్కువ మాట్లాడరు.

"ఇంట్లో ఎలా చెప్తారు?" అన్నారు.

కొండకోతిని అడవిలో వెతికి, కొలిచి, వేరే జాతి అని తేల్చి, పేరు పెట్టింది మా అత్తగారు. ఈ కోతులన్నీ చేరే మకాక్ జాతుల గురించి నాకు మొదటి పాఠం చెప్పిందీ ఆవిడే. ఆవిడ పెద్ద కూతుర్ని చేసుకుని ఆవిడ ఇంట్లోనే ఉంటున్నాను. ఆవిడ రాసిన కోతుల పుస్తకం కొత్త ముద్రణ ఈ నెలాఖరుకి ప్రెస్సుకి వెళ్తుంది. అందులో కొండకోతికి ఒక అధ్యాయం ఉంది. నేను నోరు విప్పితే ఆ అధ్యాయం పోతుంది. విప్పకపోతే ఆవిడ పేరు మీద తప్పు అచ్చవుతుంది.

రేపు పొద్దున్న చెప్తాను.

ఫిబ్రవరి 4, మంగళవారం

చెప్పలేదు. అత్తయ్యకి మోకాలు బాగా సలుపుతోందట.

ఫిబ్రవరి 6, గురువారం

మోకాలి ఆపరేషన్ అయినప్పటి నుంచి భోజనాల బల్లే అత్తయ్య ఆఫీసు. ఒక చివర మేం తింటాం. రెండో చివర ప్రూఫులు, భూతద్దం, పుర్రెలు కొలిచే పరికరం. డాక్టరు ఇచ్చిన వాకర్ కుర్చీ పక్కనే ఉంటుంది. దాని మీద తువ్వాలు ఆరేసుకుంటుంది తప్ప దాన్ని పట్టుకుని నడవదు.

"ఏమయ్యా, పిపెట్ ఏమన్నాడు?" అంది ప్రూఫు మీంచి తలెత్తకుండా.

"ఇంకా చూస్తున్నారు మేడం."

తలెత్తింది.

ఇంట్లో ఆవిడ నాకు అత్తయ్య, మ్యూజియంలో మేడం. పెళ్ళయిన కొత్తలో ఆవిడే గీసిన గీత అది. ఇంట్లో "మేడం" అన్నానంటే ఏదో పాడుచేసి వచ్చానని అర్థం.

"ఏం విరిగింది?"

"ఏమీ విరగలేదత్తయ్యా. పాత తోళ్ళు కదా, డీఎన్ఏ ముక్కలు ముక్కలైపోయింది. కూర్చుకోవాలి."

"తోళ్ళకి విషం పూసింది మేమేగా, పురుగు పట్టకుండా. ఎప్పుడో ఒకడు వచ్చి అందులో డీఎన్ఏ వెతుకుతాడని మాకేం తెలుసు?" అని మళ్ళీ ప్రూఫులో పడిపోయింది.

నేను అబద్ధం చెప్పలేదు. డీఎన్ఏ ముక్కలవడం నిజం. కూర్చడం అయిపోయిందని చెప్పలేదు, అంతే.

ఫిబ్రవరి 9, ఆదివారం

మరదలు వచ్చింది. పుస్తకానికి ఎడిటరు ఆవిడే. చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టింది.

"బావగారూ, కొండకోతి పేజీలు ఆపమన్నది మీరేనట?"

"ఫలితాలు రానీ."

"పరీక్ష రాసింది కోతా, మీరా?"

"కోతి."

"అయితే పాసవుతుంది లెండి. మీరైతే అనుమానమే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత మరదలు వాళ్ళ అమ్మ కుర్చీ పక్కకి జరిపించి, అక్క చేత టీ పెట్టించుకుని, నా చేత కిటికీ మూయించి కూర్చుంది.

మకాక్‌ల గుంపులో ఆడపిల్లలు తల్లి దగ్గరే ఉండిపోతాయి. తల్లి హోదాయే వాటి హోదా. అక్కచెల్లెళ్ళలో పెత్తనం మామూలుగా ఆఖరిదానిదే. అక్కలు చెల్లెలికి దారి వదలాలి. మగపిల్లలు ఈడు రాగానే పుట్టిన గుంపు వదిలేసి, ఎక్కడో ఇంకో గుంపులో అట్టడుగున చేరతాయి. అంటే మకాక్ మగవన్నీ ఇల్లరికమే. అత్తయ్య మాకీ పాఠం చెప్పిన రోజున క్లాసంతా నవ్వింది. పోయిన మామయ్య కూడా ఈ ఇంటికి ఇల్లరికం వచ్చిన మనిషేనని అప్పుడు మాకు తెలియదు. నేనూ వస్తానని అసలే తెలియదు.

మరదలి ముందు ఈ సంగతి ఎత్తడం బాగుండదు. రేపు.

ఫిబ్రవరి 10, సోమవారం

మళ్ళీ పరీక్ష చేయమని పిపెట్ గారితో చెప్పాను. ఒక్క పరీక్షతో ఒక జాతిని కొట్టేయడం బాధ్యత అనిపించుకోదు. రెండోది రాగానే చెప్తాను. ఇది వాయిదా కాదు, పద్ధతి.

ఫిబ్రవరి 13, గురువారం

రెండోదీ అదే.

ఫిబ్రవరి 14, శుక్రవారం

పిపెట్ గారు మ్యూజియానికి వచ్చారు. పుర్రెల గదిలో సొరుగుల మధ్య నడుస్తూ, "తల్లి చెప్పింది విన్నాం. తండ్రిని అడగలేదు" అన్నారు.

నాకు తెలియని సంగతి కాదు. తల్లి నుంచి పిల్లలకి వచ్చే డీఎన్ఏ ఒక్కో కణంలో వందల కొద్దీ ప్రతులుగా ఉంటుంది. విషం పూసిన తోలులో కూడా ఎంతో కొంత మిగులుతుంది. తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చే ముక్క ఒక్క ప్రతే ఉంటుంది. మా తోళ్ళలో అది ఎప్పుడో పోయింది. ఆ మాట నివేదికలో నేనే రాశాను, చివరి పేజీలో చిన్న అక్షరాల్లో. రాసి ఊరుకున్నాను. ఫలితం చూసిన దగ్గర్నుంచి నా బుర్ర భోజనాల బల్ల దగ్గరే ఆగిపోయింది.

"పళ్ళలో దొరకొచ్చు. పన్ను వేరు గట్టిది. లోపల దాగి ఉంటుంది" అన్నారు పిపెట్ గారు.

మగ కొండకోతుల పుర్రెలు మా దగ్గర మూడున్నాయి. అందులో ఒకటి మూల నమూనా, అంటే కొండకోతి అనే జాతికి ఇదీ ఆధారం అని అత్తయ్య ప్రపంచానికి చూపించిన పుర్రె. ఒక జాతికి అలాంటిది ఒక్కటే ఉంటుంది. పేరు పెట్టిన మనిషి బతికుండగా వాళ్ళ అనుమతి లేకుండా దాని మీద గీత కూడా పడకూడదన్నది మా మ్యూజియం నియమం. ఆ నియమం పెట్టింది కూడా అత్తయ్యే.

అంటే కొండకోతిని నిలబెట్టగలిగే పరీక్ష చేయాలంటే ఆవిడని అడగాలి. అడగాలంటే ఎందుకో చెప్పాలి. ఇంతా చేశాక తండ్రులు కూడా మైదానపు కోతులే అని తేలితే, పుర్రెకి బొక్కా పడుతుంది, జాతీ పోతుంది.

ఫిబ్రవరి 15, శనివారం

మా ఆవిడ పళ్ళ డాక్టరు. మధ్యాహ్నం క్లినిక్‌కి వెళ్ళాను. ఒక పేషెంటు వెళ్ళిపోయాడు, ఇంకొకరు రావాలి. పనిముట్లు కడుగుతోంది.

"ఏమండీ, మీకేమైంది? రెండు వారాల నుంచి అమ్మ హాల్లోకి వస్తే మీరు వంటింట్లోకి వెళ్తున్నారు. అక్కడ ఉన్నవన్నీ కడిగేశారు. నిన్న కడిగినవే మళ్ళీ కడిగారు."

చెప్పేశాను. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ చివరిదాకా వింది.

"పన్ను వేరులోంచి పొడి తియ్యాలి, అంతేనా? నాకు రోజూ ఉండే పనే."

"ముందు మీ అమ్మని అడగాలి."

"అడగండి."

"బాధపడుతుంది."

"అమ్మా? అమ్మ బాధపడటం ఎప్పుడైనా చూశారా మీరు? కోప్పడుతుంది, అంతే." పేషెంటు కుర్చీలో తనే కూర్చుంది. "అమ్మ చెప్పింది తప్పని మీ నోటితో చెప్పాల్సొస్తోంది. ఇంతవరకూ ఒక్కసారి కూడా అనలేదు కదా. అదీ మీ భయం."

అదేం కాదన్నాను.

అదేం కాదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

చెప్పడానికే వెళ్ళాను. భూతద్దం పక్కన పెట్టి ఆవిడే మొదలుపెట్టింది. మొదటి ముద్రణ వచ్చినప్పుడు ఒక పెద్దమనిషి ఎక్కడో రాశాడట, ఈ కోతుల తోకలు పొట్టివి కావు, తోలు ఎండి ముడుచుకుపోయింది అని.

"ఎండిన తోకని ఎవరైనా ఎంతకావాలంటే అంత చెయ్యొచ్చు. దూది కూరితే పెరుగుతుంది, ఆరబెడితే తగ్గుతుంది. అందుకే నేను తోలు తియ్యకముందే కొలిచాను. ప్రతీదీ. జలగలు కాళ్ళకి పట్టుకుని వేలాడుతుంటే కొలిచాను. వాణ్ణి మ్యూజియానికి పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి, నా కొలతలు ఒక్కొక్కటే చదివించాను."

"ఏమన్నాడు?"

"టీ బాగుందన్నాడు."

ఆ తోకల గురించి మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసుకోలేదు. నేను తలగడ కావాలా అని అడిగి బయటికొచ్చాను.

ఫిబ్రవరి 18, మంగళవారం

చెప్పాను. చెప్పాలని కూర్చుని చెప్పింది కాదు.

కొండకోతి పేజీలు పట్టుకెళ్ళడానికి మరదలు వచ్చింది. ఇక ఆపడానికి వీల్లేదంది. చివరి ప్రూఫు మీద "అచ్చు వేయవచ్చు" అని రాసి సంతకం పెట్టడం అత్తయ్య అలవాటు. కలం తీసింది. "అచ్చు" వరకు రాసింది.

"మేడం, ఆగండి."

కలం ఆగింది. "ఏం విరిగింది?"

"కొండకోతి" అన్నాను.

తర్వాత అన్నీ వరసగా చెప్పాను. ఎన్ని తోళ్ళు, ఎక్కడ కోసి తీశాం, ఏం వచ్చింది, మళ్ళీ చేస్తే ఏం వచ్చింది. నా పరిశోధన పత్రం మీద ప్రశ్నలు వేసిన రోజున ఎలా విందో అలాగే వింది. మరదలు సంచీ భుజానికి తగిలించుకుని నిలబడే ఉంది.

"మైదానపు తోళ్ళు అదే గదిలో తెరిచారా? ఒకదాని దుమ్ము ఒకదాంట్లో కలిస్తే ఇలాగే వస్తుంది."

"వేరే గది. వేరే రోజు."

"చేతొడుగులు?"

"మార్చాం."

ప్రూఫు వైపు చూసింది. "నీకెప్పుడు తెలిసింది?"

"మూడో తారీఖున."

"ఇవాళ ఎంత?"

"పద్దెనిమిది" అంది మరదలు.

"మీ మోకాలు..." అన్నాను.

"నా మోకాలికీ కోతి తల్లికీ ఏం సంబంధమయ్యా? నా కాలు బాగైతే దాని పుట్టుక మారుతుందా?"

మరదలికి నవ్వొచ్చింది. వాళ్ళ అమ్మ ముఖం చూసి మింగేసింది.

"నేను సంతకం పెట్టేసుంటే? ఏం చేసేవాడివి?"

ప్రూఫు ఆవిడ ముందు నుంచి నా వైపు లాక్కున్నాను.

ఆవిడ కలానికి మూత పెట్టి, "తల్లివైపే కదా చదివింది?" అంది.

"తల్లివైపే."

"మరి నేను మీకు చెప్పిన పాఠమేమైంది? ఆడది పుట్టిన గుంపు వదలదు, మగాడు వదులుతాడు. తల్లివైపు చదివితే ఆ కొండ మీద మొదట ఎవరుండేవాళ్ళో తెలుస్తుంది. ఆ తర్వాత ఎవడెవడొచ్చాడో ఎలా తెలుస్తుంది?"

"తెలుసత్తయ్యా. అందుకే పళ్ళు..."

అక్కడ ఆగిపోయాను. ఆగినచోటే ఆవిడకి అర్థమైంది.

"దాన్ని తొలుస్తావా?"

ఆవిడ వాకర్ మీది తువ్వాలు తీసి బల్ల మీద పడేసి, దాన్ని పట్టుకుని గదిలోకి వెళ్ళిపోయింది. మరదలు ఖాళీ సంచీతో వెళ్ళిపోతూ గుమ్మంలో ఆగి, "మంచి పనే చేశారు బావగారూ. ఆలస్యంగా చేశారు, కానీ మంచి పనే" అంది.

ఫిబ్రవరి 19, బుధవారం

అత్తయ్య వాకర్ పట్టుకుని వీధి చివరిదాకా నడిచి వచ్చింది. ఆపరేషన్ అయ్యాక ఇదే మొదటిసారి.

ఫిబ్రవరి 20, గురువారం

టిఫిన్ దగ్గర, ఎవరివైపూ చూడకుండా చెప్పింది.

"ఒక్కదాన్ని కాదు, మూడూ తొలవండి. ఒక్క సాక్షి మాట ఎవరూ నమ్మరు. లోపలివైపు నుంచి తొలవాలి, ముఖం చెడకూడదు. ముందు పుర్రెలకి అచ్చులు పోసి ఫొటోలు తీసిపెట్టు. ఆ రోజు నేనూ వస్తాను."

"సరే."

"పిపెట్‌ని కూడా రమ్మను. పొడి ఆయన చేతుల్లోకే పోవాలి. నీ చేతుల్లోకొస్తే పదిహేను రోజులు దాస్తావు."

మా ఆవిడ కప్పు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

అడగాల్సింది అడిగాను. "తండ్రులు కూడా మైదానపు కోతులే అని వస్తే?"

"పుస్తకంలోంచి తీసేస్తాను. పేరు పెట్టింది నేను, తీసేదీ నేనే. ఆ పని నీకు వదలను."

ఫిబ్రవరి 23, ఆదివారం

క్లినిక్‌కి సెలవు. నిన్న సాయంత్రం నుంచి పిపెట్ గారు గదంతా తుడిపిస్తున్నారు. అందరం తలకి టోపీ, మూతికి ముసుగు, రెండేసి చేతొడుగులు. మనిషి డీఎన్ఏ ఒక్క తుంపర పడినా పని చెడుతుంది. అత్తయ్యని గది బయట, అద్దం తలుపు అవతల కూర్చోబెట్టాం. తలుపు కొంచెం తీసి ఉంచమంది. పిపెట్ గారు కుదరదన్నారు. ఆవిడతో కుదరదన్న మనిషిని నేను మొదటిసారి చూశాను. ఫోను స్పీకరు పెట్టుకుని లోపలి మాటలు వింది.

మూల నమూనా పుర్రెని పేషెంటు కుర్చీలో తల ఆనించేచోట, స్పాంజి ముక్కల మధ్య ఆనించాం. మా ఆవిడ దీపం దించి, అలవాటు కొద్దీ, "కాస్త నోరు పెద్దగా తెరవండి" అంది.

"వాడు మూసిందెప్పుడు?" అంది ఫోనులోంచి అత్తయ్య.

పిపెట్ గారు నవ్వారు. ఆ శబ్దం ఇంతకుముందు విన్న గుర్తు లేదు.

పైవరస చివరి పన్ను. లోపలివైపు నుంచి, వేరు దగ్గర. మరీ నెమ్మదిగా తిప్పాలి, వేడెక్కితే డీఎన్ఏ పాడైపోతుంది. కొంచెం తొలచడం, ఆగడం, చల్లారనివ్వడం. రేకు కాగితం మీద పడిన పొడి చిటికెడు కూడా లేదు. పిపెట్ గారు దాన్ని చిన్న గొట్టంలోకి తోసి మూత బిగించి, ఆ తర్వాతే ఊపిరి వదిలారు.

మా ఆవిడ చిన్న అద్దం పెట్టి పళ్ళన్నీ చూస్తోంది. "ఈయనకి కుడి కోరపన్ను విరిగింది. విరిగాక చాలాకాలం బతికాడు, అంచులు అరిగిపోయాయి. వేరు దగ్గర చీము పట్టిన గుర్తుంది. పాపం, నొప్పితోనే తిరిగాడు."

"కొత్త గుంపులో చేరడానికి కొట్లాడి ఉంటాడు" అన్నాను.

అద్దం తలుపులోంచి చూస్తే అత్తయ్య గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. రెండోది, మూడోది తొలిచేటప్పుడు కూడా ఇటు తిరగలేదు. అంతా అయ్యాక మొదటి పుర్రె చేతికిస్తే, బొక్క వైపు చూడకుండా కోరపన్ను మీద వేలితో రాసింది.

"ఈ విరిగిన పన్ను సంగతి నేను అప్పుడే రాశాను. చీము సంగతి రాయలేదు" అంది కూతురితో. "అది నువ్వు రాయి."

ఫిబ్రవరి 25, మంగళవారం

బల్ల మీద ప్రూఫుల కింద చేతిరాత పేజీలు రెండు కనిపించాయి. దాచినవేం కావు. ఒకటి: కొండకోతి వేరే జాతి. రెండోది: కొండకోతిని వేరే జాతి అనడం పొరపాటు, ఆ పొరపాటు ఈ పుస్తకం రాసిన మనిషిదే, కారణాలు ఇవి.

మొదటిదాంట్లో కొట్టివేతలున్నాయి. రెండోదాంట్లో ఒక్కటి కూడా లేదు. రెండోదే బాగుంది.

ఎలా ఉన్నవి అలాగే సర్ది పెట్టేశాను. ఎందుకో వంటింట్లోకి వెళ్ళాను. కడగడానికేం లేదు.

మార్చి 1, శనివారం

మరదలి ఫోను. ప్రెస్సు వాళ్ళు ఏడో తారీఖు దాకా ఆగుతారట. "కోతి కోసం మిషన్లు ఆపిన ఎడిటర్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను" అంది.

పిపెట్ గారికి ఇవాళ మళ్ళీ ఫోన్ చేశాను. ఎత్తలేదు.

మార్చి 5, బుధవారం

పిపెట్ గారు ఇంటికి వచ్చారు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ రాలేదు. కూర్చోమంటే కూర్చోలేదు. కాగితం నాకివ్వకుండా తిన్నగా వెళ్ళి అత్తయ్య ముందు పెట్టారు.

"రెండు పుర్రెలు మాట్లాడాయి. ఒకటి మాట్లాడలేదు."

"మూల నమూనా?"

"మాట్లాడింది."

"ఏమంది?"

"తల్లి మైదానపు కోతే. తండ్రి కాదు."

అత్తయ్య భూతద్దం అందుకోబోయి బల్ల కింద పడేసింది. నేను తీసిచ్చాను.

తండ్రివైపు ముక్క పొట్టితోక కోతి అనే ఇంకో జాతిది. ఆ పొట్టితోక కోతి ఇప్పుడు ఇక్కడెక్కడా లేదు. చాలా నదులు, చాలా కొండలు దాటి వెళ్తేగానీ కనపడదు. ఒకప్పుడు భూమి చలిబారి, మళ్ళీ వేడెక్కి, అడవులు విడిపోతూ కలుస్తూ ఉన్న కాలంలో, ఈ కొండలకీ ఆ అడవులకీ మధ్య దారి ఉండి ఉంటుంది. ఆ దారిన పొట్టితోక మగవి ఒక్కొక్కటిగా వచ్చి కొండ అంచున ఉన్న మైదానపు కోతుల గుంపుల్లో చేరాయి. వాటి కూతుళ్ళు అక్కడే ఉండిపోయాయి, ఆ కూతుళ్ళ కోసం ఇంకా మగవి వచ్చాయి. తరాల తరబడి ఇదే జరిగితే ఒళ్ళంతా తండ్రుల పోలిక వచ్చేస్తుంది. తల్లివైపు డీఎన్ఏ మాత్రం మొదటి గుంపుదే ఉండిపోతుంది. తర్వాత అడవి తెగింది. వచ్చిన దారి మూసుకుపోయింది. కొండ మీదివి కొండ మీద మిగిలిపోయాయి. అవి అటు మైదానానివీ కావు, ఇటు పొట్టితోకవీ కావు.

ఇది రెండు పుర్రెల మాట. ఇంకా చాలా చూడాలి. కానీ చివరి పేజీలో చిన్న అక్షరాల్లో రాసి వదిలేసే మాట మాత్రం కాదు.

అత్తయ్య కాగితం మీద ప్రతి వరసా వేలు పెట్టి చదివింది. మా ఆవిడ వాళ్ళ అమ్మ కుర్చీ వెనకాల నిలబడి భుజం మీద చెయ్యి వేసింది. అత్తయ్య ఆ చెయ్యి తియ్యలేదు.

"అయితే నా తోకలు తప్పు కాదు."

"కాదు" అన్నాను.

"నేను గీసిన వంశవృక్షం? కొండకోతి మొదట్నుంచీ వేరే కొమ్మ అన్నాను."

"అది తప్పు."

అన్నాక తెలిసింది, అన్నానని. కొంపేమీ మునగలేదు. ఆవిడ తలూపి, పిపెట్ గారి వైపు తిరిగి, "ఇప్పుడైనా కూర్చుంటారా?" అంది. ఆయన కూర్చున్నారు.

మార్చి 6, గురువారం

రెండు పేజీల్లో ఒక్కటీ పనికిరాలేదు. మూడోది రాసింది. పొద్దున్న మొదలుపెట్టి భోజనానికి కూడా లేవలేదు. రాసిన పేజీ రాసినట్టు నాకిస్తోంది. నేను తప్పులు చెబుతున్నాను. కొన్ని ఒప్పుకుంది. కొన్నిటికి, "నీకు తెలుగు రాదు" అంది.

మధ్యాహ్నం మరదలు ఫోను. స్పీకరు పెట్టారు.

"అమ్మా, వంశవృక్షం బొమ్మ తీసేస్తే అరపేజీ ఖాళీ వస్తుంది. ఇంకో బొమ్మ ఇవ్వు."

"ఇంకో బొమ్మ లేదు. ఎలా గియ్యాలో ఇంకా తెలియదు."

"ఖాళీగా వదిలితే ప్రెస్సు తప్పనుకుంటారే!"

"అయితే కింద వెయ్యి: ఇక్కడ ఇదివరకు ఒక చెట్టు ఉండేది, గీసిన మనిషే తీసేసింది అని."

"సరే. అలాగే వేస్తాను" అంది మరదలు. పెత్తనం చేసే గొంతు కాదది.

తర్వాత పరిశోధన వ్యాసం మీద పేర్ల గొడవ. తప్పు నాది, దిద్దేది నేను, నా పేరు ముందుండాలి అంటుంది అత్తయ్య. పని మేం చేశామన్నాను.

"నువ్వు చేసిందేమిటి? పదిహేను రోజులు గిన్నెలు కడిగావు. దానికి వ్యాసంలో పేరు వెయ్యరు."

"మరి తొలిచింది నేను కదా" అంది మా ఆవిడ.

చివరికి పిపెట్ గారి పేరు ముందు పెట్టాం. ఆయనొక్కరే అడగలేదు.

మార్చి 10, సోమవారం

పుస్తకం ప్రెస్సుకి వెళ్ళిపోయింది. ఇవాళ టీ తాగుతూ అత్తయ్య ఉన్నట్టుండి అడిగింది.

"ఏమయ్యా, మైదానపు కోతికి తండ్రివైపు ఎవరైనా చూశారా?"

"లేదు. దాంట్లో చూడ్డానికేముంది? అది కలగలుపు లేని జాతి."

"ఎవరన్నారు?"

"మీరే. నాలుగో అధ్యాయం."

"నేనంటే నమ్మేస్తావా?"

మా ఆవిడ క్లినిక్‌కి బయల్దేరుతూ, "వచ్చే ఆదివారం కూడా నాకు కోతుల పళ్ళేనన్నమాట" అంది.

అత్తయ్య మ్యూజియానికి వస్తానంది. ఆపరేషన్ తర్వాత ఇదే మొదటిసారి. మైదానపు కోతుల పుర్రెలు ఒక గోడ పొడుగునా ఉన్నాయి, నేల నుంచి కప్పు దాకా సొరుగులు. కింది వరస చూపించి, అక్కణ్ణుంచి మొదలుపెట్టు అంది.

"కింద కాదు మేడం. అన్నీ ఒకే చోట పట్టినవి. పై వరసలో చూద్దాం, అందులో దూరం దూరం నుంచి వచ్చిన మగవి ఉన్నాయి."

నా వైపు చూసింది. కింది సొరుగు వైపు చూసింది. తర్వాత వాకర్‌తో స్టూలుని నా వైపు నెట్టి, నేను ఎక్కేదాకా దాన్ని పట్టుకుని నిలబడింది.